గుమ్మం లేని ప్లాను

మొన్న మా పక్క బ్లాకులో ఉండే తెలుగువాళ్ళమ్మాయి వచ్చింది. ఆర్కిటెక్చర్ చదువుతోంది. నా ముందు ఫోను పెట్టి, "ఆంటీ, యువర్ బెస్ట్ బిల్డింగ్ ఏది?" అని అడిగింది. పాతతరం వాళ్ళని అడిగి తెలుసుకు రమ్మని కాలేజీలో చెప్పారట. నేను క్షణం కూడా ఆలోచించకుండా "గుమ్మం లేనిది" అన్నాను. ఆ పిల్ల నవ్వేసి, "సీరియస్‌లీ ఆంటీ!" అంది.

సీరియస్‌గానే చెప్పానమ్మా. నీకు ట్రైనుకి టైమైపోతోందని సగమే విని వెళ్ళావు. మిగతా సగం నీకోసమూ, నీలాగా ఇప్పుడిప్పుడే ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లల కోసమూ రాస్తున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ రాయను. రాస్తే, నాతో కలిసి ఆఫీసు నడిపిన నా భాగస్వామి గొడవ పెట్టుకుంటాడు. అతనితో గొడవ పడే ఓపిక నాకు ఇంకా ఉంది గానీ, దాన్ని ఇంతకంటే మంచి పనులకి దాచుకుంటున్నాను.

మా ఆఫీసు సింగపూర్లో ఒక పాత షాప్‌హౌస్ పైఅంతస్తులో ఉండేది. కింద పరుపులు అమ్మేవాళ్ళు. ఆ మెట్లెక్కి వచ్చేసరికి ఎంత గొప్ప క్లయింటయినా ఆయాసపడి, మాటాడకుండా కుర్చీ కోసం వెతుక్కునేవాడు. అందుకే లిఫ్టున్న చోటికి మారదామంటే మా బాస్ ఒప్పుకునేవారు కారు. బాస్ సింగపూర్ చైనీస్. కుర్రతనంలో అమెరికా వెళ్ళి చదువుకొచ్చారు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషు. ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను గానీ, వాక్యం చివర వచ్చే 'లా' మాత్రం ఆయన సొంతం.

తలుపు పక్కన ఇత్తడి బోర్డు మీద రెండు పేర్లుండేవి. ఒకటి బాస్‌ది. రెండోది, నేను చేరకముందే విడిపోయి వెళ్ళిపోయిన ఆయన భాగస్వామిది. కొత్తలో నేను తెలివైనదాన్ననుకుని, "ఆయన లేరు కదా, బోర్డు మార్పించకూడదా?" అని అడిగాను. "ఆ పేరు నేను రాయలేదు. రాసుకున్నవాడొచ్చి చెరుపుకోవాలి లా" అన్నారు బాస్. అదేదో అభిమానంతో అన్న మాట అనుకున్నాను. కాదు, అది ఆఫీసు రూలు.

ఎవరి గీత వాళ్ళే చెరపాలి. ఇదీ మా దగ్గర పద్ధతి. ఇంకొకరు గీసింది నీకు నచ్చలేదా, దాని పక్కన నీ రంగులో నీ గీత గీసి చూపించు. వాదించు, బతిమాలు, అలుగు. అంతేగానీ వాళ్ళ గీత మీద రబ్బరు పెట్టకు. బాస్‌ది నలుపు, నాది ఎరుపు, నా భాగస్వామిది ఆకుపచ్చ. కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చినా ఈ పద్ధతి పోలేదు. ఎవరి గీతలు వాళ్ళ ఫైల్లో ఉండేవి. ప్రింటు తీసేటప్పుడు అవన్నీ ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఒకే ప్లాను అయ్యేవి. చూసినవాళ్ళు ఇదేం చాదస్తమని నవ్వేవారు. నాకు మాత్రం అది నచ్చేది. నా గీత నాకు తెలియకుండా మాయమవదన్న ధైర్యం ఎంత గొప్పదో వేరే ఆఫీసుల్లో పనిచేసిన నా స్నేహితుల్ని చూశాక తెలిసింది.

ఇక నా భాగస్వామి. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మలయా తోటల్లో పనికి వెళ్ళారు. ఇతను మలేషియాలోని పెరాక్‌లో పుట్టి, చదువుకుని, ఉద్యోగానికి సింగపూర్ దిగాడు. నాకంటే చిన్నవాడు. నేను తెనాలిదాన్ని, మావారి బ్యాంకు ఉద్యోగం వెంట వచ్చాను. మొదటిరోజు నేను తెలుగులో పలకరిస్తే తెగ సంబరపడి, "ఏటక్కా, నువ్వు రేడియోలోనాగ మాటాడతన్నావు!" అన్నాడు. అతని తెలుగు మా నాయనమ్మ వాళ్ళ కాలంనాటిది. అందులో తమిళమూ మలయూ కలిసి ఉండేవి. కోపమొస్తే "అలమాక్!" అని మొదలుపెట్టేవాడు. ఆ మాట వినపడితే నేను ముందు జాగ్రత్తగా టీ పెట్టుకునేదాన్ని.

శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురం కలిసి దగ్గర్లో తిండికొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో తినేవాళ్ళం. బాస్ ముందుగా వెళ్ళి, బల్ల మీద టిష్యూ పొట్లం పడేసి చోప్ చేసి, అంటే చోటు పట్టి, ఉంచేవారు. అంత పెద్దాయన, టిష్యూ పొట్లానికి కాపలా కాస్తూ నిలబడేవారు. అన్నం తింటుండగా ఆయన కథలు మొదలయ్యేవి. కథలు అంటున్నానుగానీ హీరో ఒక్కడే. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ ఆర్కిటెక్టు. బాస్ చదువుకునే రోజుల్లో అద్దెకున్న గది కిటికీకి ఎదురుగా ఆయన కట్టిన చర్చి ఉండేదట. చలికాలమంతా దాన్నే చూస్తూ కూర్చున్నారట, వేరే చూడ్డానికేమీ లేక.

ఆ ఆర్కిటెక్టు వడ్రంగి కొడుకు. చలి ప్రాంతపు చిన్న ఊళ్ళల్లో కోర్టులూ చర్చిలూ బడులూ కట్టాడు. "ఆయన మహా ప్రతిభావంతుడేం కాదు. భాగస్వాముల్ని సంపాదించుకోవడంలో ప్రతిభ ఉంది లా" అనేవారు బాస్. మొదటి భాగస్వామి లెక్కల మనిషట. ఆ రోజుల్లో కట్టినవన్నీ గట్టిగా, మొహం మాడ్చుకుని ఉంటాయట. రెండోవాడు బొమ్మలేసే మనిషి. అతనితో కట్టినవి చూస్తే మనకే హుషారొస్తుందట. ఒంటరిగా కట్టింది ఒక్కటే, అది వానకి కారేదట. ఇదంతా చెప్పి, నేనూ నా భాగస్వామీ ఆ వారం దెబ్బలాడుకుని ఉంటే మాత్రం, బాస్ తప్పకుండా గంటస్తంభం కథ చెప్పేవారు. ఆ ఆర్కిటెక్టూ ఆయన రెండో భాగస్వామీ ఒక చర్చి గంటస్తంభం ఎంత ఎత్తుండాలన్న దగ్గర మాటామాటా అనుకుని విడిపోయారు. కొన్నేళ్ళకి ఒకరోజు రెండోవాడు పాత ప్లాను చంకలో పెట్టుకుని వచ్చి, "నువ్వు చెప్పిందే సరే" అన్నాడు. "మళ్ళీ కలిశారు. చివరిదాకా కలిసే ఉన్నారు లా" అని చెప్పి బాస్ కాఫీ తాగేవారు. మేమిద్దరం తలలూపేవాళ్ళం. వారం వారం దెబ్బలాడుకునేవాళ్ళం కాబట్టి ఆ కథ మాకు కంఠతా వచ్చేసింది.

బాస్ రిటైరయ్యాక ఆఫీసు మా ఇద్దరి చేతికీ వచ్చింది. అప్పటిదాకా మా ఎరుపుకీ ఆకుపచ్చకీ మధ్య నలుపు ఉండేది. ఆయన ఒక్క గీత గీస్తే మేము నోరు మూసుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ గీత లేదు. చిన్న చిన్న విషయాలకి కూడా రోజుల తరబడి ముఖాలు ముడుచుకుని కూర్చునేవాళ్ళం. ఇంతలో అతనికి చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక పెద్ద కంపెనీ నుంచి పిలుపొచ్చింది. బ్యాంకుల ఆఫీసులకి లోపలి డిజైన్లు చేసే పని. మంచి జీతం, బెడోక్‌లో ఉన్న అతని ఇంటికి దగ్గర. నాకు స్వయంగా చెప్పాడు, దాచలేదు. "ఈ బెడోక్ పని ఒకటీ అయిపోనీ అక్కా, అప్పుడు సెప్తాను ఏటి సేస్తానో" అన్నాడు. నేను "నీ ఇష్టం" అన్నాను. లోపల ఎంత భయమేసిందో నాకే తెలుసు. అతను వెళ్ళిపోతే ఆఫీసు నడపలేనని కాదు. నడపగలను. కానీ నా గీత పక్కన ఇంకో గీత లేకుండా ఎలా గీయాలో నాకు అప్పటికి తెలీదు, ఇప్పటికీ తెలీదు.

ఆ బెడోక్ పని ఏమిటంటే, ఒక ఫ్లాట్ల బ్లాకు కింద ఖాళీగా ఉన్న వాయిడ్ డెక్‌లో పెద్దవాళ్ళకి పగటిపూట ఉండే కేంద్రం కట్టాలి. కొడుకులూ కోడళ్ళూ ఆఫీసులకి వెళ్ళేటప్పుడు దింపి, సాయంత్రం తీసుకెళ్తారు. వాళ్ళల్లో మతిమరుపు వచ్చినవాళ్ళు చాలామంది. కాబట్టి మనుషులు వచ్చిపోయే గుమ్మం ఒక్కటే ఉండాలని ఆ కేంద్రం నడిపే కమిటీవాళ్ళు మొదటే చెప్పారు. నిప్పు ప్రమాదం వస్తే బయటపడడానికి వంటగది పక్కన ఇంకో తలుపు ఉంటుంది, అది ఎప్పుడూ మూసే ఉంటుంది.

ఒక్క గుమ్మం. ఎక్కడ పెట్టాలి?

నేను లిఫ్టుల వైపు పెట్టాను. అక్కడ వాన జల్లు పడదు, వీల్ చెయిర్ నేరుగా వస్తుంది, కూర్చున్న ఉద్యోగికి వచ్చేపోయే ప్రతి మనిషీ కనబడతారు. అతను రెండోవైపు, కాఫీ షాపు వైపు పెట్టాడు. అక్కడ ఎప్పుడూ జనం, చదరంగం ఆడే తాతలు, గిన్నెల చప్పుడు.

"అటు పెడితే ఎవరో ఒకరు లేచి జనంలో కలిసిపోతారు. ఎవరు చూస్తారయ్యా?" అన్నాను.

"ఇటు పెడితే లిఫ్టు తలుపులు తప్ప ఏటుంటాది అక్కా సూడ్డానికి? ఆలు ముసిలోలు, దొంగలు కాదు!"

"నేను దొంగలన్నానా?"

"అలమాక్! అన్నేదు, గీసినావు!"

నేను టీ పెట్టుకోవడానికి లేచాను. ప్లాను మీద ఎర్ర గుమ్మమొకటి, పచ్చ గుమ్మమొకటి. వారమంతా రెండూ అలాగే ఉన్నాయి. శుక్రవారం హాకర్ సెంటర్లో ఇద్దరం వేర్వేరు బల్లల దగ్గర తిన్నాం. అన్నేళ్ళలో అలా జరగడం అదే మొదటిసారి. నా ప్లేటులో ఏముందో కూడా చూడకుండా తిన్నాను. సోమవారం పొద్దున కమిటీ ముందు ప్లాను చూపించాలి. ఏ గుమ్మం ఉంచాలో కమిటీవాళ్ళే తేలుస్తారని, ఎవరి ఫైలు వాళ్ళం ఆదివారంలోగా ప్రింటు షాపుకి పంపించేద్దామని, సోమవారం దారిలో అతను ప్రింట్లు తీసుకొచ్చేలాగా ముక్తసరిగా మాట్లాడుకుని విడిపోయాం.

ఆ గుమ్మాల వెనక ఎవరున్నారో మా ఇద్దరికీ తెలుసు. పైకి ఎవరం అనలేదంతే.

నా గుమ్మం వెనక మా అత్తగారున్నారు. చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాట్లో మాతోనే ఉండేవారు. చివరి రోజుల్లో మతిమరుపు వచ్చింది. ఒక మధ్యాహ్నం తలుపు తీసుకుని ఎటో వెళ్ళిపోయారు. మావారు ఊళ్ళో లేరు. నేను పిచ్చిదానిలా బ్లాకులన్నీ తిరుగుతుంటే, ఫోను చేసిన వెంటనే ఇతను బెడోక్ నుంచి, ద్వీపం ఆ కొస నుంచి ఈ కొసకి, పరుగెత్తుకొచ్చాడు. సాయంత్రానికి ఆవిడని పట్టుకున్నది అతనే. బస్ స్టాపులో ఒక కాలికే చెప్పుతో కూర్చుని, తెనాలి బస్సు ఎప్పుడొస్తుందని అడుగుతున్నారట. అతను ఆవిడ పక్కన కూర్చుని, "వొచ్చేస్తాదమ్మా, ఈలోగా మనింటికెళ్ళి టీ తాగొద్దారి" అని చెప్పి తీసుకొచ్చాడు. ఆ రోజు నుంచి తలుపంటే నాకు భయం.

అతని గుమ్మం వెనక వాళ్ళమ్మగారున్నారు. ఆవిడ జీవితమంతా పెరాక్‌లో తోట ఇంటి అరుగు మీద గడిచింది. దారిన పోయే ప్రతి మనిషినీ పలకరించేవారు. కొడుకు దగ్గరికి వచ్చాక, ఎత్తైన అంతస్తులో కారిడార్ ఎదుట చిన్న స్టూలు వేసుకుని కూర్చునేవారు. నేను వెళ్ళినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని, "ఈ ఊర్లో మనుసులు ఏరమ్మా? కనబడరేటి?" అని అడిగేవారు. ఎదురుగా గోడ. ఆ గోడ చూస్తూనే వెళ్ళిపోయారు.

ఆదివారం పొద్దున పప్పు కడుగుతూ ఉంటే ఆ స్టూలు గుర్తొచ్చింది. ఎందుకో ఏమో, కళ్ళనీళ్ళు ఆగలేదు. మనుషులు పారిపోకుండా చూడ్డం గురించే ఆలోచించాను గానీ, ఉండాలని అనిపించడం గురించి ఆలోచించానా? చెయ్యి తుడుచుకుని కంప్యూటర్ తెరిచాను. నా గీత, నేనే చెరపాలి. నా ఎర్ర గుమ్మం తీసేసి అక్కడ గోడ కట్టేశాను. ఫైలు పంపించేశాను. అతనికి చెప్పలేదు. ప్లాను విప్పినప్పుడు తన పచ్చ గుమ్మం ఒక్కటే చూసుకుని అతని మొహం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఎన్నాళ్ళకో ఆ రోజు మనశ్శాంతిగా అన్నం తిన్నాను.

సోమవారం కమిటీ గదిలో కలిశాం. అతను ప్రింట్ల చుట్ట తెచ్చాడు. ఇద్దరం మహా మర్యాదగా ఉన్నాం. "నువ్వు పెట్టు" అంటే "నువ్వు పెట్టక్కా" అనుకుంటూ ప్లాను గోడకి అంటించాం. నేను ప్లాను వైపు చూడలేదు, అతని మొహం చూస్తున్నాను. అతనూ ప్లాను చూడలేదు, నా మొహమే చూస్తున్నాడు. ఎందుకు నన్ను చూస్తున్నాడా అనుకున్నాను.

కమిటీకి పెద్ద, ఒకప్పుడు బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసిన చైనీస్ ఆంటీ. ఆంటీ వయసు దాటుతున్న నాకు కూడా ఆవిడ ఆంటీయే. కళ్ళజోడు సర్దుకుని ప్లాను దగ్గరికొచ్చింది. కూర్చునే చోటు బాగుందంది, మొక్కల మూల బాగుందంది. వేలు పెట్టి గోడ వెంబడి ఒక చుట్టు తిరిగింది. మళ్ళీ ఇంకో చుట్టు తిరిగింది.

"వెరీ నైస్ లా" అంది. "బట్ హౌ టు గో ఇన్, ఆ?"

అప్పుడు చూశాను ప్లాను. లిఫ్టుల వైపు గోడ. కాఫీ షాపు వైపు గోడ. వంటగది పక్కన మూసి ఉండే ఆ తలుపు తప్ప, నాలుగు వైపులా మంచి గట్టి గోడ. లోపల కుర్చీలు, బల్లలు, మొక్కలు, టాయిలెట్లు, అన్నీ చక్కగా ఉన్నాయి. మనిషి లోపలికి రావడానికి మాత్రం దారి లేదు.

వెనక కూర్చున్నవాళ్ళల్లో ఎవరో, వంటగది తలుపు చూపించి, "కూరగాయలతో పాటు మమ్మల్ని కూడా ఇటునుంచే దింపుతారా?" అన్నారు.

నేను అతని వైపు తిరిగాను. ఆ కంగారులో ఇద్దరం ఇంగ్లీషు మర్చిపోయాం.

"నీ గుమ్మం ఏదయ్యా?"

"నా గుమ్మమా? నీ గుమ్మం ఏదక్కా?"

"నేను తీసేశాను. నీది ఉంటుంది కదా అని."

"నానూ తీసేసినాను. నీది ఉంటాది గదా అని."

"నిన్నెవరు తీసెయ్యమన్నారు?"

"నిన్నెవులు తీసెయ్యమన్నారు?"

"మీ అమ్మగారి కోసం తీశాను!"

"మీ అత్తమ్మ కోసం తీసినాను! నిన్న పిల్లల్తో బయటికెళ్ళినాను. బస్సు స్టాపులో ఒక ముసిలామె కూకుని ఉంది. నాకు ఆయమ్మ చెప్పు గుర్తొచ్చీసింది అక్కా. ఇంటికొచ్చి తీసిపారీసినాను."

ఇద్దరం ఆ గోడల వైపు చూస్తూ నిలబడ్డాం. మొహమాటంతో పస్తులున్న చుట్టాల్ని చూశాను, మొహమాటంతో ఒకరికొకరు దారిస్తూ ట్రైను తప్పిపోయినవాళ్ళని చూశాను. మొహమాటంతో గుమ్మం లేని ఇల్లు గీసినవాళ్ళు మాత్రం మేమే అయ్యుంటాం. ఒకరి ఫైలు ఒకరు చూసుకుని ఉంటే సరిపోయేది. ఒక్క ఫోను చేసుకున్నా సరిపోయేది. కానీ చూపించి ఇవ్వడం మాకు రాదు. చాటుగా ఇచ్చి, ఎదుటివాడు ఎప్పుడు గమనిస్తాడా అని పక్కన నిలబడి చూడ్డం మా అలవాటు.

ఆంటీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏమైంది? పోట్లాడుకుంటున్నారా?" అని అడిగింది.

ఇంక దాచడానికేముంది? రూలు చెప్పాను, రంగులు చెప్పాను, ఎవరు ఏది ఎందుకు తీసేశారో చెప్పాను. మొదట ఆవిడ నవ్వింది. గదిలో అందరూ నవ్వారు. తర్వాత ఆవిడ కుర్చీలో కూర్చుని, మామూలుగా అడిగింది. "సరే. ఇప్పుడు చెప్పండి. గుమ్మం ఎటు?"

"లిఫ్టుల వైపు" అన్నాడతను.

"కాఫీ షాపు వైపు" అన్నాను నేను.

అక్కడ మళ్ళీ మొదలైంది, ఈసారి తలకిందులుగా. నేను అతని గుమ్మం తరఫున వాదించాను. వాళ్ళమ్మగారి స్టూలు గురించి చెప్పాను. వచ్చిన పెద్దవాళ్ళకి ఎదుట గోడ కాకుండా మనుషులు కనబడాలన్నాను. అతను నా గుమ్మం తరఫున వాదించాడు. వాన గురించి, చక్రాల కుర్చీ గురించి, బస్ స్టాపులో ఒక చెప్పు గురించి చెప్పాడు. ఒక సంగతి అప్పుడు అర్థమైంది. వారం రోజులు నేను నా గుమ్మం గురించి చెప్పినదానికంటే అతను బాగా చెప్పాడు. నేను చెప్పినంతసేపూ అతను వినట్లేదనుకున్నాను. ప్రతి మాటా విన్నాడు.

చివరికి ఆంటీయే విసుగెత్తి మార్కర్లు మా చేతికిచ్చి, "మాట్లాడింది చాలు, గీయండి" అంది. హెడ్మిస్ట్రెస్ గొంతు. ఇద్దరం బుద్ధిగా వెళ్ళి గీశాం. కాఫీ షాపు వైపు అతని చోట గుమ్మం. దానికి అద్దం తలుపు. నేను లిఫ్టుల వైపు పెట్టుకున్న, ఉద్యోగి కూర్చునే బల్ల తీసుకొచ్చి ఆ తలుపు పక్కనే పెట్టాను, కూర్చున్నవాళ్ళ కళ్ళు దాటి ఎవరూ వెళ్ళకుండా. అతను చూరు ముందుకి లాగాడు, జల్లు పడకుండా. గుమ్మం బయట, బల్ల దగ్గర నుంచి కనబడేంత దూరంలో, ఒక పొడవాటి అరుగు గీశాడు. అరుగు ఎవరికోసమో నేను అడగలేదు. చూస్తే ఆ గుమ్మంలో సగం ఎరుపు, సగం ఆకుపచ్చ. ప్లాను ఆ రోజే ఒప్పుకున్నారు.

బయటికొచ్చాక కాఫీ షాపులో కూర్చున్నాం. అతను కాఫీ కలుపుతూ కలుపుతూ, "చాంగీ వోలకి ఫోన్ సేసీసి రానని సెప్తాను" అన్నాడు.

గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది గానీ పైకి తేలనివ్వలేదు. "అదేంటి, మంచి జీతం కదా?"

"ఆడ అన్ని గుమ్మాలూ నావే గదా అక్కా. బోర్ లా."

ఆ సాయంత్రం బాస్‌కి ఫోను చేసి చెబితే ఆయన ఎంత నవ్వారంటే, వాళ్ళావిడ ఫోను తీసుకుని ఏమైందని అడిగింది. నవ్వడం అయ్యాక మళ్ళీ గంటస్తంభం కథ చెప్పారు. మళ్ళీ కలిశారు, చివరిదాకా కలిసే ఉన్నారు లా.

ఆ తర్వాత చాలా ఏళ్ళు కలిసి పనిచేశాం. ఇత్తడి బోర్డు మీద పాత పేర్లు రెండూ అలాగే ఉంచి, కింద మా ఇద్దరివీ చేర్చాం. ఆ మధ్యలో ఒకసారి, ఏదో వెతుకుతుంటే, బాస్ చెప్పే ఆ అమెరికన్ ఆర్కిటెక్టు గురించి చదవడం తటస్థించింది. చర్చి నిజమే. వడ్రంగి కొడుకన్నదీ నిజమే. భాగస్వాములూ నిజమే. కానీ రెండో భాగస్వామి తిరిగి రాలేదు. విడిపోయాక అతను ఎక్కడో దూరంగా వెళ్ళిపోయాడు. మళ్ళీ వాళ్ళిద్దరూ కలిసి ఒక్క గోడ కూడా కట్టలేదు. ప్లాను చంకలో పెట్టుకుని రావడమంతా మా బాస్ కల్పించిందే. ఎందుకు కల్పించారో ఆలోచిస్తే, తలుపు పక్కన ఆ ఇత్తడి బోర్డూ, దాని మీద ఎవరూ చెరపడానికి రాని ఆ రెండో పేరూ గుర్తొచ్చాయి. చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను. నా భాగస్వామికి చెబుదామా అనుకున్నాను. పాపం, అతను ఆ కథని అంత నమ్మకంగా వింటాడు, చెప్పి ఎందుకు పాడుచెయ్యాలి అని ఊరుకున్నాను.

ఇప్పుడు ఇద్దరం రిటైరయ్యాం. బాస్ బాగా పెద్దవారయ్యారు. వాళ్ళమ్మాయి బెడోక్‌లో ఉంటుంది. ఆఫీసుకి వెళ్తూ పొద్దున్నే ఆయన్ని ఆ కేంద్రంలోనే దింపుతుంది. మేమిద్దరం శుక్రవారాలు వెళ్తాం. ఆయన బయట అరుగు మీద కూర్చుని, పక్కన టిష్యూ పొట్లం పెట్టి మా కోసం చోటు చోప్ చేసి ఉంచుతారు. మేమెవరమో ఒక్కోరోజు గుర్తుంటుంది, ఒక్కోరోజు ఉండదు. పొట్లం పెట్టడం మాత్రం మర్చిపోరు.

మొన్న శుక్రవారం కాఫీ తాగుతూ ఆయనే మొదలుపెట్టారు. చలికాలం, కిటికీ, ఎదురుగా చర్చి. గంటస్తంభం దగ్గర వాళ్ళిద్దరూ మాటామాటా అనుకున్నారు. విడిపోయారు. అక్కడికొచ్చి ఆగిపోయారు. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, దారి తప్పినట్టు మా వైపు చూశారు.

"ఆ తర్వాత ఏమైంది?" అని అడిగారు. "ఆ ఇద్దరూ మళ్ళీ కలిశారా?"

నేను మాట వెతుక్కునేలోపే నా భాగస్వామి ఆయన మోకాలి మీద చెయ్యివేసి, ఇంగ్లీషులో చెప్పాడు. "కలిశారు బాస్. రెండోవాడు పాత ప్లాను చంకలో పెట్టుకుని వచ్చాడు. చివరిదాకా కలిసే ఉన్నారు."

"ఉన్నారు బాస్" అన్నాను నేను కూడా.

ఆయన మొహం విప్పారింది. "గుడ్ లా" అన్నారు.

వాన మొదలయ్యేలా ఉందని ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాం. తిరిగొస్తూ గుమ్మం దగ్గర నా భాగస్వామి మొహం చూస్తే నాకు అనుమానమొచ్చింది. "నీకు తెలుసా?" అన్నాను.

"ఏటి?"

"వాళ్ళు కలవలేదని."

అతను చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందకి చూశాడు. "ఎప్పుడో సదివినాను. బెడోక్ పనికంటే ముందే. నువ్వు నమ్ముతున్నావు గదా, నీకు సెప్పడమెందుకని ఊరుకున్నాను."

వేర్వేరు బల్లల దగ్గర తిన్న ఆ శుక్రవారం నాటికే అతనికి తెలుసన్నమాట. వాళ్ళు కలవలేదని తెలిసి కూడా, చాంగీకి వెళ్ళకుండా నాతో ఉండిపోయాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నేనూ అంతే" అన్నాను.

అతను తలుపు తీసి పట్టుకుని, "ముందు నువ్వెళ్ళక్కా" అన్నాడు.

"నువ్వెళ్ళవయ్యా."

"పెద్దదానివి, నువ్వెల్లు."

"ఫర్లేదు, నువ్వే వెళ్ళు."

లోపల నుంచి, బల్ల అవతల నుంచి, మా బాస్ గొంతు గట్టిగా వినిపించింది, అచ్చం ఒకప్పుడు ఆఫీసులో వినిపించినట్టే.

"అయ్యో, ఆ ఇద్దరికీ ఎవరైనా గుమ్మం చూపించండి లా!"